రాజుగారిని చెర విడిపించిన వుసుముజీ

ఆ ఆదివారం మాన్గెమా అక్క కల్లు దుకాణం అరుగు మీద మేమంతా చేరింది రాజుగారి ఫోటో గోడకి తగిలించడానికి. ఎప్పుడో ముత్తాతల నాడు ఇంగ్లీషువాళ్ళు మా జులూ రాజుగారిని పట్టుకున్నాక తీసిన ఫోటో అది. కుర్చీలో కూర్చుని ఎదుటివాణ్ణి సూటిగా చూస్తుంటారు.

తెచ్చినవాడు వుసుముజీ. తీరా మేకు కొట్టే వేళకి ఖుబేకా తాత కర్ర అడ్డం పెట్టాడు. పెళ్ళయినా చావయినా రాజుల స్తుతులు చదివేది ఆయనే, ఆయన కాదంటే మా కొండమీద ఏదీ జరగదు.

"చెరలో ఉన్న రాజుని పెట్టుకుని కల్లు తాగుతారా? సిగ్గులేదూ! అసలు ఇది నీకెక్కడిదిరా?"

మాన్గెమా సుత్తి ఒళ్ళో పెట్టుకుంది. వుసుముజీ కల్లుకుండ అందుకుని ఒక గుక్క తాగి, మూతి తుడుచుకున్నాడు.

"చెప్తా తాతా. గొప్పలు చెప్పుకునేవాణ్ణి కాదు, మీ అందరికీ తెలుసు." ఎవరూ అవునన్లేదు. "డర్బన్‌లో సముద్రం ఒడ్డున పెద్ద హోటల్. పనుండి వెళ్ళా. పెద్దవాళ్ళతో పని, అది వదిలెయ్యండి. లోపల వసారాలో నడుస్తూ, మరుగుదొడ్డి తలుపు పక్కన చూద్దును కదా, మన రాజుగారు! ఒక పక్క జీబ్రా తోలు, ఇంకో పక్క గొడుగుల డబ్బా, మధ్యలో అలంకారానికి ఆయన! ఒళ్ళు మండిపోయింది. పట్టుకెళ్ళినవాళ్ళంతా ఎప్పుడో పోయారు, ఈయనకి చెర ఇంకా తీరలేదా అనుకున్నా. చెయ్యి చాపి తీసి చంకలో పెట్టుకుని వచ్చేశా."

"అంతేనా?" అంది మాన్గెమా.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"అంతేనా అంటావేంటక్కా! ఆ చట్రం మామూలు కర్రా? నలుగురు మోస్తే గానీ కదల్దు!"

మాన్గెమా ఫోటోని ఒంటిచేత్తో ఎత్తి పక్కకి జరిపి, కాళ్ళు బారజాపుకుంది.

"ఇప్పుడు తేలికే. చెరలో ఉన్నప్పుడు ఎవరైనా బరువెక్కుతారు," అన్నాడు వుసుముజీ, రెప్ప వెయ్యకుండా.

మాన్గెమా వాళ్ళన్న బెకాని ఓ మూల టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. పీలగా, గట్టిగా గాలేస్తే పడిపోయేలా ఉంటాడు. డర్బన్‌లో ఉద్యోగం నుంచి రిటైరై ముందురోజే వచ్చాడు. అప్పటిదాకా నోరు విప్పనివాడు మెల్లగా అడిగాడు: "అక్కడ కాపలావాడు లేడా తమ్ముడూ?"

"లేకేం అన్నా! లైటుహౌసంత మనిషి. వాడి గుప్పిట్లో నా తల మామిడిపండులా ఇమిడిపోతుంది."

"అబ్బో!" అన్నాడు బెకాని.

"వాడు నా పీక పట్టుకున్నాడు. అప్పుడేమైందో తెలుసా? ఫోటోలోంచి రాజుగారు, 'ఒరే వుసుముజీ, ముక్కుపొడుం ఉందట్రా' అన్నారు!"

"పేరు పెట్టి పిలిచారా?"

"మా తాతని కూడా అడిగారు, కులాసానా అని. గాజు మీద చిటికెడు పెట్టా. ఒక్క తుమ్ము తుమ్మారు చూడండీ! కాపలావాడు ఎగిరి ఈతకొలనులో పడ్డాడు. మేనేజరు ఏకంగా సముద్రంలో పోతున్న ఓడ మీద పడ్డాడు, ఇంకా తిరిగిరాలేదు. గోడమీది జీబ్రా తోలుకి ప్రాణమొచ్చి నాలుగు కాళ్ళమీద లేచింది. రాజుగారిని చంకన పెట్టుకుని దాన్నెక్కేశా."

"తోలుకి వీపెక్కడిదిరా?" అన్నాడు ఖుబేకా తాత.

"అంచున సర్దుకున్నా తాతా! తుగేలా నది దగ్గరికొచ్చేసరికి వరద. ఇటు ఒడ్డు నుంచి అటు ఒడ్డు కనపడ్డంలేదు. రాజుగారు ఒక్క కనుబొమ్మ ఎత్తారు. నది ఆగిపోయింది. ఆగడమంటే ఊరికే ఆగడమా, వచ్చిన దారినే వెనక్కి కొండెక్కింది! మొసళ్ళన్నీ ఒడ్డున వరసగా సాగిలపడ్డాయి. అందులో ఒక ముసలిది, పళ్ళు లేవు దానికి, తలెత్తి రాజుగారి స్తుతి మొదట్నించీ చదివింది."

తాత ముందుకి ఒంగాడు. "తప్పుల్లేకుండానా?"

"ఒక్కచోట తడబడింది. నేను అందించా."

అరుగంతా గొల్లుమంది. నవ్వు సద్దుమణిగాక బెకాని గొంతు సవరించుకున్నాడు.

"తుమ్ము సంగతి నాకు తెలీదు. కొలనులో మాత్రం నేను పడలేదు."

అందరం అటు తిరిగాం.

"ఆ కాపలావాణ్ణి నేనే. ఇతను వంటింటికి కోళ్ళు తెచ్చాడు. ఏ తలుపో తెలియక వసారాలోకొచ్చాడు. ఫోటో కంటబడింది. రాజు ముందు నిటారుగా నడవకూడదు కదా, గభాల్న మోకాళ్ళ మీద పడ్డాడు. గంప జారింది. అతిథుల కాళ్ళ మధ్యంతా కోళ్ళు. ఒకావిడ సోఫా ఎక్కి కేకలు. ఇతను మాత్రం తల వంచుకుని, ఆ గోడ పొడుగునా మోకాళ్ళ మీదే పాకుతున్నాడు. లేవరా అని రెక్క పట్టుకుంటే, 'ఆయన ఇక్కడుంటే నేనెలా లేస్తానన్నా' అని ఒకటే ఏడుపు. మేనేజరు విసిగిపోయి, ఆ బొమ్మ వాడి చేతిలో పెట్టి బయటికి తోలెయ్యమన్నాడు. నేనే ఫోటోకి తాడు కట్టి, ఇతన్ని బస్సెక్కించా, ఆ ఏడుపులో నన్ను పోల్చనే లేదు." మోకాలి మీది టోపీ సర్దుకున్నాడు. "ఏళ్ళ తరబడి రోజూ ఆ దారినే నిటారుగా తిరిగినవాణ్ణి నేను."

వుసుముజీ కుండలోకి తల దూర్చేశాడు, చెవులు మాత్రం బయట కనపడుతున్నాయి.

ఖుబేకా తాత కర్ర ఊతంతో బల్ల మీంచి దిగి, రాజుగారి ముందు నేలమీద కూర్చున్నాడు. ఫోటో వంక చూసి, "ఆ సుత్తి వాడికియ్యవే," అన్నాడు మాన్గెమాతో.

వుసుముజీ సుత్తి తీసుకున్నాడు, మేకు గోడకానించాడు. అందరం తననే చూస్తున్నామని తెలిసేసరికి మొహం మళ్ళీ వెలిగింది.

"అంతా బాగానే చెప్పావు గానీ బెకానన్నా, ఆ కోళ్ళ సంగతి సరిగ్గా చెప్పలేదు. ఒక్కో పుంజు ఆబోతంత..."

"ఈకలు పీకితే ఒక్కోటి పిడికెడు లేదు," అన్నాడు బెకాని. "మేకు కొట్టు."