మాట కంటే ముందొచ్చినవాడు

మూడో సొరంగం కూలిన రోజు మీరు నా వెనకే బయటికొచ్చారు. గని వాకిట్లో ఏం చూశారో చెప్పండి. చెప్పరు. నిన్న సారా కొట్టులో, పొయ్యి పక్క బల్ల మీద కూర్చుని కూడా చెప్పలేదు. సరే, నిన్న జరిగింది నేనే చెప్తాను.

గని మూసేశాక మనకి మిగిలింది ఆ కొట్టూ, నాలుగు పొట్టి మాటలూ. కొండ లోపల బొగ్గు తవ్వేవాళ్లు అనుకునే మాటలు, ఏ పుస్తకంలోనూ లేనివి. వాటి అర్థం, పుట్టుక రాసుకురమ్మని రాజధాని నుంచి నిఘంటువువాళ్లు ఇలింకా అనే అమ్మాయిని పంపారు. మాట ఎవరి నోట పుట్టిందో వాళ్ల పేరు పక్కనే అచ్చువేస్తారట. అది విన్నాక మనతో గనిలో పనిచేసిన గవ్రిలా ఊరుకుంటాడా.

“రాసుకో అమ్మాయీ, 'మిష్' నాదే. కప్పు కూలేముందు పైనుంచి పిడికెడు పొడి రాలుతుంది చూడు, దాన్నే మిష్ అంటాం. గనిలో చేరిన మొదటి వారం నా టోపీ మీద రాలితే తుమ్మొచ్చింది, ఆపుకున్నాను, ఆ చప్పుడే మాటైపోయింది. అంతే, పెద్ద గొప్పేం కాదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సాయంత్రానికి గనంతా అదే మాట, వారం తిరిగేసరికి కొండ అవతలి గనిలోనూ అదే, ఎవరూ మోసుకెళ్లలేదు, రాతిలోంచే పాకింది.”

“ఎలకలు కూడా అనేవటగా,” అన్నాను.

“అనేవి మామా, నవ్వకు. ఒక ఎలక మిష్ అంటే చాలు, మిగతావి పిల్లల్ని నోట కరుచుకుని బారులు తీరి బయటికొచ్చేవి, మనుషుల కంటే నయం, తోపులాట లేదు. మిష్ అని అరిచిన ఎలక మాత్రం అన్నీ దాటాక ఆఖర్న వచ్చేది.”

అందరూ నవ్వారు. మూల కుర్చీలో సఫ్తా నవ్వలేదు. ఆవిడ గని వాకిట్లో దీపాల గదిలో పనిచేసేది. లోపలికెళ్లేవాడికి దీపం ఇచ్చేదీ, వచ్చేవాడి దగ్గర తీసుకునేదీ ఆవిడే.

“మరి 'త్సూర్'?” అంది ఇలింకా.

“అదీ నాదే. కప్పు కూలుతోంది, అన్నీ వదిలేసి పరిగెత్తండి అని. మూడో సొరంగంలో ఆ రోజు కప్పు కాపలా నాది. మిష్ రాలింది. పరిగెత్తండి అనబోయాను, నోటి నిండా దుమ్ము, త్సూర్ అని మాత్రం వచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొండ ఆగింది. సిగరెట్టు కాలినంతసేపు గాల్లో ఆగింది. నాతో కలిపి పద్దెనిమిది మందిమి బయటపడ్డాం, మిగతావాళ్లు పెళ్లికెళ్లినట్టు నడిచొచ్చారు. నేను మాత్రం పరిగెత్తాను, ముందు దారి చూపాలిగా. ఎంత పరుగంటే, నా కేకనే దాటేశాను. బయటికొచ్చి, దీపం సఫ్తా వదినకిచ్చి, టోపీ దులుపుకున్నాక అప్పుడొచ్చింది నా మాట, లోపల్నుంచి, నా వెనకాల.”

పెన్సిల్ గబగబా నడుస్తోంది.

“నిజమే,” అంది సఫ్తా. “మొదటి దీపం నీదే. ఆ తర్వాతే మాటొచ్చింది. అమ్మాయికి మన కట్టుబాటు చెప్పలేదేం గవ్రిలా? కేకేసినవాడు ఆఖర్న రావాలి. ఎలకలకి తెలిసింది నీకు తెలీదా?”

“వదినా, అది...”

“నువ్వు విన్నది నీ గొంతు కాదు. మా ఆయన తోదర్‌ది. పదకొండేళ్లు సంకటి ముందు కూర్చుని నన్ను పిలిచిన గొంతు నాకు తెలీదా? నోటి నిండా దుమ్ముతో మనిషి అనగలిగింది అంతే. పద్దెనిమిది దీపాలు తీసుకున్నాను. ఆయన దీపం కోసం తెల్లారేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాను.”

గవ్రిలా గ్లాసు ఎత్తాడు. అది ఎప్పుడో ఖాళీ.

ఇలింకా తను రాసుకున్నది కొట్టేసింది. మెల్లగా అంది, “చనిపోయినవాళ్ల పేరు వెయ్యాలంటే ఇంటివాళ్లు కాక ఇంకో ఇద్దరు సాక్ష్యం చెప్పాలి. రేపు మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోతాను.”

నేను లేచాను. త్సూర్ అని వినబడగానే పరిగెత్తి నేను బయటికొచ్చేసరికి గవ్రిలా టోపీ అప్పటికే శుభ్రంగా ఉందని, కేక కంటే ముందే వచ్చేశాడని చెప్పాను. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని ఆ అమ్మాయి అడగలేదు. సఫ్తా కూడా అడగలేదు. అడిగినా నా దగ్గర ఏముంది, ప్రాణం మిగిలిందన్న సిగ్గు తప్ప. తోదర్ అలా అరవకపోతే నేనూ లేను, మీరూ లేరు.

ఒక సాక్షిని నేను. బస్సుకి ఇంకా గంట ఉంది. గని వాకిట్లో మీరేం చూశారో వచ్చి చెప్తారా?