రెండు రైళ్ళ లెక్క

"గొప్పలు చెప్పుకోవడం నాకు బొత్తిగా చేతకాదు బాబాయ్," అంటూ లెక్కల మాస్టారు బడి ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్లమీద చతికిలబడ్డాడు. "ఉన్నమాట చెప్తాను, అంతే. పోయిన వారం హెడ్మాస్టరుగారు పిలిచి ఏమన్నారు? 'మీ ఆన్‌లైన్ పాఠం పిల్లలు రెండు నిమిషాలు కూడా చూడట్లేదు. ఈసారీ ఇంతే అయితే మీ క్లాసు వేరేవాళ్ళకిచ్చేస్తాను' అన్నారు. ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది! సరేనని కంప్యూటర్ గదిలో కూర్చుని నలభై నిమిషాల పాఠం వదిలాను. రెండు రైళ్ళు ఎదురెదురుగా వస్తాయి చూడు, ఆ లెక్క. నిన్న ఒకడు కనబడి 'చివరిదాకా చూశానండీ' అన్నాడు."

"ఒక్కడేనా?" టీ వడపోస్తూ అడిగాడు కొట్టు బాబాయ్.

"ఒక్కడేమిటి, క్లాసు క్లాసంతా! ఒకడైతే చూస్తూ చూస్తూ బ్రష్షు నోట్లోనే మర్చిపోయి బడికొచ్చేశాడు. ఇంకొకడి చేతిలోంచి ఫోను లాక్కుందామని వాళ్ళమ్మ వచ్చిందా, ఆవిడా అక్కడే నిలబడిపోయింది. పొయ్యిమీద పాలు పొంగి, చల్లారి, వాటంతటవే తోడుకున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మజ్జిగైపోయాయా?" అన్నాడు పక్కనున్న డ్రాయింగ్ మాస్టారు.

"వెటకారాలొద్దండీ. ఆ వీధి చివర సెలూన్‌లో కూడా ఇదే పాఠం. కుర్చీలో ఉన్నాయనకి సెలూన్ అతను సగం మీసం తీశాడు, ఇంతలో ఫోన్లో రెండో రైలు బయల్దేరింది. కత్తి గాల్లోనే ఆగిపోయింది. కుర్చీలో ఆయనా ఆ ధ్యాసలోనే సగం మీసంతో లేచి ఇంటికెళ్ళిపోయాడు. వాళ్ళావిడ సగమే గుర్తుపట్టింది."

"సగం గుర్తుపట్టడమేమిటి మాస్టారూ?"

"గుమ్మందాకా రానిచ్చింది. లోపలికి రానివ్వలేదు. అసలు సంగతి ఇది కాదు బాబాయ్! అవతల స్టేషన్లో నిజం రైలు. సిగ్నలు పడింది, బండి కదల్లేదు. డ్రైవరు ఫోన్లోంచి తలెత్తి, 'ఎదురుబండి ఎక్కడ కలుస్తుందో మాస్టారు ఇంకా తేల్చలేదు, తేలకుండా ఎలా వెళ్ళేది?' అన్నాట్ట. అవతలి డ్రైవరుదీ అదే మాట. గంటలో పదకొండు బళ్ళు ఆగిపోయాయి. జనం దిగి తిట్టారనుకున్నావా? సుద్దముక్కలు పట్టుకుని ప్లాట్‌ఫారం పొడుగునా లెక్కలు చేసేశారు!"

"ఇంకా నయం, సూర్యుడు ఆగలేదు," అన్నాడు డ్రాయింగ్ మాస్టారు.

"ఆగలేదని ఎవరు చెప్పారు మీకు? దిగిపోవాల్సినవాడు ఎవరింటి కిటికీ దగ్గరో నిలబడి చూస్తూ ఉండిపోయాడు. జవాబు కింద నేను గీత గీసేదాకా కదిల్తే ఒట్టు! ఆ రోజు రెండు సాయంత్రాలయ్యాయి. నువ్వు రెండోసారి టీ పెట్టలా బాబాయ్?"

"రోజూ పదిసార్లు పెడతానండీ."

వెనక గ్లాసు పట్టుకుని నిలబడ్డ, కంప్యూటర్ గది చూసుకునే అమ్మాయి గొంతు సవరించుకుంది. "రైళ్ళ సంగతి నాకు తెలీదుగానీ, పిల్లల సంగతి మాత్రం నిజమేనండీ. నలభై ఆరుగురూ చివరిదాకా చూశారు."

అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది లెక్కల మాస్టారే. "నిజంగానా తల్లీ?"

"ముప్ఫై ఎనిమిదో నిమిషమైతే ఒక్కొక్కరూ ఐదారుసార్లు వెనక్కి తిప్పి మరీ చూశారు."

"విన్నారా! సరిగ్గా అక్కడే జవాబు చెప్పాను!"

"అక్కడే మీ వెనక గోడమీద బల్లి పురుగుని పట్టుకుందండీ. మొదటి నిమిషం నుంచీ దాని వెంటే తిరుగుతోంది. మీరు చెప్పిన జవాబు ఎవరికీ తెలీదు మాస్టారూ. మైకు ఆన్ చెయ్యలేదు మీరు."

డ్రాయింగ్ మాస్టారికి పొలమారింది. లెక్కల మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. గ్లాసు పక్కన పెట్టి తలెత్తాడు.

"ఆ బల్లికి ట్రైనింగిచ్చింది ఎవరనుకున్నావు?"

"అయితే కాస్త త్వరగా వచ్చి దాన్ని పిలవండి," అంది ఆ అమ్మాయి. "పొద్దుట్నుంచీ ఆన్‌లైన్ పాఠం చెప్తున్న సైన్సు టీచరుగారి వెనక గోడమీద ఉంది. మీ క్లాసు కూడా ఆవిడకే ఇచ్చేద్దామా అని హెడ్మాస్టరుగారు ఆలోచిస్తున్నారు."