చీటీ మీది పేరు

లూపార్ నది ఒడ్డున, ఇబాన్ తెగవాళ్ల పొడుగింటి వసారాలో, పురుగుల మీద పరిశోధన చేసే ఆమె గాజు మూత పెట్టె తెరిచింది. సూదికి గుచ్చిన ఆకుమిడత కింద చీటీ చూసి, దాన్ని పట్టిచ్చిన ఆ ఇంటి అల్లుడు మొహం తిప్పుకున్నాడు.

“చదువు, అన్నా! కొత్త జాతేనని శాస్త్రవేత్తలు ఒప్పుకున్నారు. రెక్క మీద అరుపు పుట్టించే రంపపు పళ్లన్నీ లెక్కపెట్టాను, ఏ పాత జాతితోనూ కలవలేదు.”

“మూడేళ్ల కిందటే చెప్పాగా! మిగతావి రెండుసార్లు అరిచి ఊరుకుంటాయి, ఇది మూడోసారి రాగం తీస్తుందని.”

“అందుకే పేరు నువ్వే చదవాలి.”

“మీరే చదవండి, డాక్టరమ్మగారూ.”

“అదేంటి? నిన్నటిదాకా చెల్లెమ్మనేగా?”

“నిన్న ఈ చీటీ చూళ్లేదు. నా పేరు పెడతానని, మా మామగారి పేరు పెట్టారు.”

“ఆయన ఊరిపెద్ద. తన పేరు పెడితేనే అడవిలోకి అడుగు పెట్టనిస్తానన్నాడు. ఏం చెయ్యను?”

“మాలో అల్లుడు మామ పేరు పలికితే పొట్ట ఉబ్బి చస్తాడని మీకు తెలీదూ?”

“తెలుసు. నువ్వే చెప్పావు, సంబరంలో మర్చిపోయాను.”

“చెప్పినందుకు బాగా బుద్ధొచ్చింది. దాన్ని పట్టిచ్చింది నేను. లోకమంతా దాని పేరు పలుకుతుంది, నేను తప్ప!”

ఆమె పెట్టెను అతని ముందుకు జరిపింది.

“ఈసారి కొత్తది దొరికితే ఒట్టు, నీ పేరే.”

“మొన్ననే దొరికింది. అది నాలుగుసార్లు అరుస్తుంది.”

“నిజంగా? ఎక్కడ?”

అతను పెట్టె మూత మెల్లగా మూసి ఆమె ఒళ్లో పెట్టాడు.

“ఓ కొండ మీద. ఏ కొండా అంటారా, దానిదీ మా మామగారి పేరే.”