కొండెక్కిన ముసలాయన మీద పన్ను

ఈ మాట ఇంతవరకూ నోరు విప్పి ఎవరితోనూ అనలేదండి అచ్చిబాబు గారూ. పన్ను కోసం మీరు వెతుకుతున్న ముసలాయన లేడు. పోయాడని కాదు, అసలు పుట్టలేదు.

అలా చూడకండి. అరుగు మీద కూర్చోండి. నేను తలుపు చాటునే ఉంటాను, పక్కన రత్తమ్మత్త ఉందిగా.

మోకాళ్ళు పట్టేసి పడవ దిగలేని ముసలాయన మా దివ్యతైలం రాసుకుని అన్నవరం కొండ పరుగున ఎక్కేశాడని ఊరి గోడలన్నిటా కాగితాలున్నాయి కదా. అది కట్టుకథండి. మునిసిపాలిటీలో దొరగారు ప్రకటనల మీద పన్నేశారని తెలియగానే, తైలం అమ్మే మా ఆయన మీతో ఏమన్నారు? ఆ కాగితాలు మావి కావు, నయమైన ముసలాయన విశ్వాసం కొద్దీ సొంత ఖర్చుతో వేయించాడు అన్నారట. మీరేమో నిజమనుకుని అన్నవరం వెళ్ళి మెట్లన్నీ ఎక్కొచ్చారట. మోకాళ్ళు ఎలా ఉన్నాయండి? తైలం మాత్రం రాయకండి. నువ్వులనూనెలో కాస్త కర్పూరం, అంతే.

పన్ను వేయడం తప్పని నేననను. గోడ ఊరందరిదీ, అబద్ధం మా ఒక్కరిదీ, అద్దె కట్టాల్సిందే. కానీ కాగితం కొలిచి మూరల లెక్కన వేస్తారేంటండి? చిన్న కాగితంలో పెద్ద అబద్ధం పట్టదా? పైగా పన్ను మాట వినగానే మా ఆయన సీసా ధర పెంచేశారు. ఇంక కట్టేదెవరు? మోకాళ్ళ నొప్పుల వాళ్ళే. రత్తమ్మత్త గంప ఎత్తుకుని బతికున్న చేపలని వీధంతా కేకేస్తుంది, దానికి పన్ను లేదట. అవి ఎప్పుడు చచ్చాయో... ఊరుకో అత్తా, నిన్ను పట్టివ్వట్లేదు.

ఎవరు రాశారంటారా? నేనండి. కొట్లోంచి దినుసులు చుట్టొచ్చిన కాగితాలు చూసి చదువు నేర్చుకున్నాను. ముసలాయన్ని నేనే పుట్టించాను, నేనే కొండెక్కించాను. మెప్పు వచ్చినన్నాళ్ళూ రాసింది మా ఆయన. పన్ను వచ్చాక ముసలాయన. నా వంతు ఎప్పుడండి?

అందుకే పన్ను నా పేరున రాయండి. లోవలక్ష్మి. ఆడవాళ్ళ పేరున రాయకూడదా? మా ఆయన్ని అడగాలా? సాయంత్రం ఆయన సామర్లకోట రైలు దిగొచ్చి, మా ఆవిడకి అక్షరం ముక్క రాదంటారు. మీరు నా పేరు కొట్టేస్తారు.

అప్పుడే కలం చెవి మీద పెట్టేశారా?

సరే. అత్తా, టముకు వేసే చిట్టియ్యని పిలుచుకురా. ముసలాయన్ని రాసింది లోవలక్ష్మి అని వీధి వీధికీ చాటమంటాను.

లేవకండి అచ్చిబాబు గారూ. టముకూ ప్రకటనే, దానికీ పన్నుందిగా. వేయించింది ఎవరని దొరగారు అడిగితే, ఏ ముసలాయన పేరు రాస్తారు?