గట్టిపడని గుడ్డ

చీపురుపల్లి దగ్గరి ఒక పల్లె. పట్నం ఆసుపత్రిలో తల ఆపరేషను చేయించుకున్న దాలయ్య ఇంటికొచ్చి మూడు రోజులైంది. అతను లోపల పడుకుని ఉన్నాడు. అరుగు మీద అతని అన్న సోములు, దాలయ్య భార్య అసిరమ్మ.

“రొంప అంటన్నాను కదా. రొంపకి ఇంత గోలేటి?”

“రొంప కాదు బావా. ఈ గుడ్డ సూడు.”

“గుడ్డేటి?”

“నిన్న నీ తమ్ముడి ముక్కు తుడిసిన గుడ్డ. ఎండలో ఆరేసినాను. రొంపయితే ఎండి గట్టిపడాల. ఇది పట్టుకు సూడు, ఉతికినట్టు మెత్తగున్నాది. తల వంచితే సాలు, సిల్లుకుండ కారినట్టు కారతన్నాది. ఉత్త నీరు.”

“గుడ్డ సూసి రోగం సెప్పే డాకటరమ్మవైపోనావేటి?”

“నర్సమ్మ సెప్పింది. తలలో కంతి తీసినప్పుడు కనుబొమ్మల మీద ఎముకలో గుల్ల తెరుసుకున్నాదట. ఆ గుల్లలోంచి ముక్కులోకి దారున్నాదట. మెదడు సుట్టూ ఉండే నీరు అలాగ దిగిపోతన్నాదట. మూయకపోతే ముక్కులో కుళ్ళు మెదడుకెక్కుతాదన్నాది.”

“ఎప్పుడు సెప్పింది నీకు?”

“మనం బయలెల్లిన పొద్దున్న. మూయకుండా ఎలా తీసుకుపోతన్నారని అడిగింది. నిన్ను అడిగితే, డాకటరే ఎల్లిపొమ్మన్నాడు, దానికదే ఆగిపోతాదన్నావు. నమ్మినాను.”

“డాకటర్లకేటి, కోసుకుంటా పోతారు. ఓపాలి తల కోసినారు. మళ్ళీ తెరుస్తారట, తొడ కండ కోసి ఆ గుల్లలో కూరతారట. మనిసేటి, వంకాయేటి, కోసి కూరడానికి?”

“అయితే నీకు సెప్పినారు.”

“ఏటి?”

“మూయాలని నీకు సెప్పినారు. సెప్పినా వద్దని ఏలిముద్ర ఏసి తెచ్చీసినావు.”

“నా తమ్ముడు. నా ఇష్టం. నువ్వేటి నన్నడిగేది? ఆపరేషను రోజు ఎక్కడున్నావు నువ్వు? ఆడు లోపల సావుబతుకుల్లో ఉంటే గంటసేపు అగుపడనేదు. ఆనక సోడా తాగి, వచ్చి వరండాలో తొంగున్నావు.”

“తొంగున్నాను.”

“మొగుడి తల కోస్తంటే నిద్దరెలాగొచ్చిందే నీకు?”

“ఆ మాట ఇడిసిపెట్టు. ఎందుకు తెచ్చీసినావు?”

“సెప్పినాను కదా.”

“సెప్పనేదు. వంకాయ కత సెప్పినావు.”

“అరవకు. ఆడు ఇంటాడు.”

“ఇననీ. పొద్దున్నించి ఒళ్ళు పెనంలా కాలతన్నాది. మెడ బిగిసిపోనాదంటన్నాడు.”

“జొరమా? నాకు సెప్పనేదేటి?”

“సెప్తే రొంపంటావు.”

“అసిరీ…”

“ఏటి?”

“ఏటీ నేదు.”

“ఏటీ నేకపోతే ఆ గుడ్డెందుకు అలాగ నలుపుతన్నావు? సెప్పు.”

“రెండో కోతకి రత్తం కావాలన్నారు.”

“అయితే?”

“నా ఏలు పొడిసి సూసినారు. నీది సరిపోతాది, రేపొచ్చి ఓ సీసాడు ఇయ్యమన్నారు. ఆ సూది సూసినాను, ఆ సీసా సూసినాను. రత్తం ఇచ్చినోడు మళ్ళీ నాగలి పట్టనేడంటారు. పిల్లలున్నోణ్ణి నేను.”

“దానికా బావా?”

“నీకేటి తెలుసు? ఇచ్చినోడు ఏడాది తిరక్కుండా పోతాడంటారు. మన ఊళ్ళో ఒక్కడిచ్చినాడా? ఒక్కర్ని సూపించు.”

“దానికా ఈ మూడు రోజులూ ఇంటిల్లిపాది మీదా పడి అరిసినావు? దానికా ఆయన ముక్కు నీళ్ళని రొంపన్నావు?”

“ఒక్కర్ని సూపించమన్నాను.”

“బండి కట్టు. మధ్యాన్నం ప్యాసింజరు అందుకోవాల.”

“ముందు సూపించు.”

“ఆ సోడా నర్సమ్మ తాగించింది. మొదటి కోతకి ఎక్కించిన సీసాడు రత్తం నాది బావా. బేగి బండి కట్టు.”