నాలుగు వేళ్ల సందు

నా అసలు పేరు అడిగితే ఈ పేటలో ఎవరూ చెప్పలేరు. కమాన్ల మేస్త్రి ఎక్కడ అంటే మాత్రం ఎవరైనా నా షెడ్డు దాకా తీసుకొచ్చి దింపుతారు. వయసు అరవై ఒకటి. వృత్తి, బండ్ల కింద బరువు మోసే ఇనుప పట్టీలు, అంటే కమాన్లు, వంచి బిగించడం. నివాసం షెడ్డు వెనక గది. ఎస్సై గారు అడిగిన మీదట, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ నేర్పకుండా చెబుతున్నాను. నిలబడే ఓపిక లేదంటే కుర్చీ వేయించారు.

ఈ కేసులో దెబ్బ తగిలినవాడు అన్న, లాకప్పులో ఉన్నవాడు తమ్ముడు. పెద్దవాడు ఐసు ఫ్యాక్టరీ నడుపుతాడు. చిన్నవాడు వాచీలు బాగుచేస్తాడు. వాళ్ల నాన్న నా స్నేహితుడు, అందుకని ఇద్దరూ నన్ను బాబాయ్ అంటారు. అన్న చెయ్యి నలగగొట్టాలనే తమ్ముడు బండి ఎక్కి ఊగాడని పెద్దవాడి బావమరిది ఫిర్యాదు ఇచ్చాడు. ఆ సమయంలో బావమరిది షెడ్డులో లేడు. నేను ఉన్నాను.

వాళ్ల నాన్న బతికున్నంత కాలం ఒకే పికప్ బండిలో ఐసు దిమ్మలు వేశాడు. గుండ్రటి మడ్గార్డులు, చెక్క తొట్టి ఉన్న పాత బండి. ఆయన పోయాక అది ఫ్యాక్టరీ వెనక గోనెపట్టాల కింద పడి ఉంది. ఈ ఏడాది పాత బండ్ల ప్రదర్శన పెడుతున్నారని తెలిసి, నాన్న నడిపినప్పుడు ఎలా నిలబడేదో అలాగే నిలబెట్టాలని ఇద్దరూ అనుకున్నారు. అనుకున్నంత వరకూ బాగానే ఉంది.

బండి నిలబడే తీరు చాలావరకు వెనక ఎత్తులోనే ఉంటుంది. ఎత్తు ఎక్కువైతే మూతి నేలకు పెట్టి ముక్కు చీదుతున్నట్టు ఉంటుంది. తక్కువైతే చతికిలబడినట్టు ఉంటుంది. వాళ్ల నాన్నకు దీనికి ఒక లెక్క ఉండేది. ఖాళీ బండికి వెనక టైరుకీ మడ్గార్డుకీ మధ్య నాలుగు వేళ్లు పట్టాలి. అరచెయ్యి నిలువుగా, వేళ్లు ఒకదాని మీద ఒకటి ఉండేలా సందులో పెట్టి చూసేవాడు. నేను టేపు ఇస్తే, "అది నీ దగ్గరే ఉంచుకోరా" అనేవాడు.

నాలుగు వేళ్లు, సరే. ఎవరి వేళ్లు? పెద్దవాడివి దిమ్మలు ఎత్తిన వేళ్లు, లావు. చిన్నవాడివి వాచీల్లో తిరిగే వేళ్లు, సన్నం. ఇద్దరి చేతుల మధ్య తేడా సరిగ్గా ఒక పట్టీ. వేస్తే అన్నకు సరిపోతుంది, తీస్తే తమ్ముడికి సరిపోతుంది.

పెద్దవాడు పొద్దున వచ్చి, "బాబాయ్, ఒక పట్టీ వెయ్యి. మా వాడికి చెప్పకు, ఊరికే గొడవ" అనేవాడు. వేసేవాణ్ణి. సాయంత్రం చిన్నవాడు కొట్టు మూసి వచ్చి, చెయ్యి పెట్టి చూసి, "ఇదేంటి బాబాయ్, ఇంత లేచింది? తీసెయ్, అన్నయ్యకి నేను చెప్పుకుంటాలే" అనేవాడు. తీసేవాణ్ణి. చెప్పుకున్నది ఎప్పుడూ లేదు. ప్రదర్శనకు మూడు వారాలుండగా మొదలైన పని ఇది. జాకీ పెట్టడం, బోల్టులు విప్పడం, పట్టీ వేయడం, బోల్టులు బిగించడం, జాకీ దించడం. మళ్లీ జాకీ పెట్టడం. నా తల ప్రాణం తోకకొచ్చింది. మధ్యస్థంగా ఉంటుందని ఒక పట్టీ వంపు తగ్గించి వేశాను. ఇద్దరికీ నచ్చలేదు. ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చింది ఆ ఒక్కరోజే.

ఫొటో చూసి తేల్చుకోవచ్చు కదా అని ఎస్సై గారు అడుగుతున్నారు. ఫొటో ఉంది. అందులో బండి నిండా ఐసు ఉంది. లోడు మీద ఏ బండైనా దిగుతుంది.

వాళ్ల నాన్న చెయ్యి ఎంత లావో నాకు గుర్తుండాలి. ఎన్నో ఏళ్లు ఆ చెయ్యి నా భుజం మీద ఉంది. గుర్తు లేదు. ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. అది నాకు చాలా బాధగా ఉంది. కేసుకు సంబంధం లేకపోయినా రాయండి.

నిన్న శుక్రవారం ఉదయం పదకొండు గంటలకు ఇద్దరినీ ఒకేసారి రమ్మన్నాను. ఈరోజుతో తేలిపోవాలి, మళ్లీ విప్పేది లేదని చెప్పాను. కొత్తగా పట్టీలు కట్టి జాకీ దించితే కనిపించే ఎత్తు నిజం ఎత్తు కాదు. పట్టీలు బిర్రుగా ఉంటాయి. తొట్టిలోకి మనిషి ఎక్కి బాగా ఊగితే అవి ఒకదాని మీద ఒకటి సర్దుకుని బండి దిగుతుంది. ఆ తరవాతే కొలవాలి. ఎక్కినవాడు కిందపడకుండా క్యాబిన్ వైపు తిరిగి, దాని వెనకున్న కడ్డీ రెండు చేతులా పట్టుకుని ఊగాలి. ఇది నా షెడ్డులో పద్ధతి. నేను ఊగు అంటే ఊగాలి, చాలు అంటే ఆపాలి.

జాకీ దించాను. చిన్నవాణ్ణి ఎక్కమన్నాను. కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. నేను కుడి చక్రం దగ్గర ఉన్నాను. పెద్దవాడు ఎడమ పక్కన ఉన్నాడు, అతను నాకు కనబడడు. పక్క కొట్టులో రేకులు కొడుతున్నారు. నేను "ఊగు" అన్నాను. చిన్నవాడు ఊగాడు.

పెద్దవాడు ఆగలేకపోయాడు. ఊగకముందే సందు ఎక్కువగా కనబడితే సంబరపడి చెయ్యి పెట్టేశాడు. బండి దిగింది. రెండు వేళ్లు విరిగాయి.

అరుపు విన్నాక కూడా తమ్ముడు రెండోసారి ఊగాడని ఫిర్యాదులో ఉందట. నిజమే, ఊగాడు. ఒకసారి దిగిన బండి తిరిగి పైకి లేస్తుంది, దానితో మనిషీ లేస్తాడు. లేచినవాడు దిగక తప్పదు. గాలిలో ఉన్నవాడికి బ్రేకు ఉండదు సార్. అతను అన్నకు వీపు పెట్టి ఉన్నాడు. అలా నిలబడమన్నది నేను. ఊగమన్నది నేను. ఊగు అనే ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగి చూడాల్సినవాణ్ణి కూడా నేనే. ఇన్నేళ్లలో ఎప్పుడూ తిరగకుండా ఆ మాట అనలేదు. నిన్న తిరగలేదు. ఆ బండి చుట్టూ తిరిగీ తిరిగీ విసుగొచ్చి తిరగలేదు.

చిన్నవాడు మీ దగ్గర, "నేనే ఊగాను, బాబాయ్ తప్పేం లేదు" అని చెప్పాడట. నన్ను కాపాడాలని చెప్పి ఉంటాడు. దాన్ని పట్టించుకోకండి. కేసు రాయాల్సి వస్తే నా పేరు రాయండి.

సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రికి వెళ్లాను. పెద్దవాడి కుడి చేతికి మోచేతి దాకా కట్టు ఉంది. భార్య పక్కన కూర్చుని ఉంది. నన్ను చూడగానే అడిగాడు:

"సందు ఎంత వచ్చింది బాబాయ్?"

"ఇంకా చూడలేదురా."

"వాడున్నాడా? వాడి వేళ్లు పెట్టి చూడమను. నావి ఇక పనికిరావు."

కోపంగా అన్నాడా, మామూలుగా అన్నాడా అని ఎస్సై గారు అడుగుతున్నారు. కట్టు వైపు చూస్తూ అన్నాడు. నాకు ఏడుపొచ్చి బయటికి వచ్చేశాను. తమ్ముణ్ణి అప్పటికే స్టేషనుకు తీసుకెళ్లారని నాకు తెలియదు. పెద్దవాడికీ తెలిసినట్టు లేదు.

బండిని సాక్ష్యం కింద ఈ స్టేషను ఆవరణలోకి తెచ్చారు. ప్రహరీ పక్కన ఏటవాలులో పెట్టారు. అలాగే ఉంచితే ఒక పక్కకు సర్దుకుంటుంది. దయచేసి చదునుగా ఉన్నచోటికి జరిపించండి.

జరిపించాక చిన్నవాణ్ణి ఒక్క నిమిషం బయటికి వదిలితే, వెనక చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూస్తాడు. పక్కన కానిస్టేబుల్ గారిని నిలబెట్టండి. బండి ఎవరూ ఎక్కరు, నేను చుట్టూ తిరిగి చూస్తాను. వాళ్లన్న అడిగాడు. నేను వెళ్లి చెప్పాలి.

పైన రాసినదంతా నాకు చదివి వినిపించారు. నా నోట వచ్చినదే ఉంది, రానిది లేదు, అంతా నిజం. చదువు రాదు కనుక ఎడమ బొటనవేలి ముద్ర వేస్తున్నాను. గ్రీజు వల్ల మొదటిసారి మసకగా పడితే, చెయ్యి తుడుచుకుని మళ్లీ వేశాను.

(వేలిముద్ర)
కమాన్ల మేస్త్రి