నీవా జీపుకి అడుగురేకు

సిన్యాయెవినా కొండల కింద ఒక పల్లె. షెడ్డులో నీవా జీపు. దాని కింద గోతిలో వుకోల, గట్టు మీద పానాల డబ్బాతో అతని భార్య మిలూంక. బండి పొట్టకి రాళ్ళు తగలకుండా అడుగున ఇనపరేకు బిగిస్తున్నారు.

"పదమూడో నంబరు పానా అడిగితే పదిహేడు ఇస్తావేమిటే, మిలూంకా?"

"నీ చేతిలో ఉన్నది పదమూడే."

"పదిహేడు!"

"పదమూడయ్యా. కావాలంటే వేలితో తడిమి చూసుకో."

"అంకెలు అరిగిపోయాయి. చెత్త సరుకు."

"మొన్న ఈస్టరుకి కొన్నాం దాన్ని."

"సర్లే, ఆ దీపం ఇటు తిప్పు. గోతిలో చిమ్మచీకటిగా ఉంది."

"నీ మొహం మీదే ఉంది దీపం. ఇంకా దగ్గరికి తెస్తే మీసాలు కాలతాయి."

"అబ్బబ్బ, ఈ క్యాబేజీ పీపా ఒకటి మోకాలికి అడ్డం! మనిషి నిలబడే గోతిలో ఊరగాయ దాచేదాన్ని నిన్నే చూశా."

"చలికాలమంతా లొట్టలేసుకుంటూ తిన్నప్పుడు అడ్డం రాలేదేం?"

"దాని కంపు బండికంతా పట్టేసింది. మొన్న లోపల కూర్చుంటే ఏదో మాడిన వాసన."

"క్యాబేజీయేలే."

"సీటు చూస్తే ఎప్పుడూ ముందుకి జరిగిపోయి ఉంటోంది. స్ప్రింగు పోయినట్టుంది. ముసలి బండి, ఏదీ చెప్పిన మాట వినదు."

"ఇంతకీ రేకు ఎక్కిందా లేదా?"

"ఎక్కి చావదు! రెండు కన్నాలు కలిస్తే మూడోది వేలెడు పక్కకి పోతోంది. ఆ కమ్మరి గవ్రో తాగి కొలిచుంటాడు. దీని దుంప తెగ, చేతులు లాగేస్తున్నాయి. పక్కనుంచి చెయ్యి పెట్టి ఆ చివర ఎత్తి పట్టు."

"పట్టా... ఏమయ్యా, ఇది వెనక్కి తిరిగుంది."

"ఏది?"

"రేకు. ముందు వైపు ఎటో తెలియడానికి గవ్రో సుద్దతో బాణం గీశాడు. అరచెయ్యంత బాణం."

"చెరిగిపోయుంటుంది."

"తెల్లగా మెరుస్తోంది."

"సరే సరే, తిప్పు! పెద్ద కనిపెట్టేశావు."

"పోనీ నేను దిగి బిగించనా? నాలుగు బోల్టులేగా."

"దిగావంటే ఊరుకోను. మా నాన్న పెట్టిన కట్టుబాటు, తెలుసుగా. ఈ ఇంట్లో బండి నడిపేవాడే బోల్టు బిగించాలి."

"మీ నాన్న ఇంకా చాలా పెట్టాడు."

"ఏమిటీ?"

"ఏం లేదు. ఇదిగో వాషరు."

"ఏదీ... పడిపోయింది. ఎక్కడ పడిందో ఏమో."

"నీ బూటు మీద."

"ఏ బూటు?"

"ఏ బూటంటావేమిటయ్యా, కళ్ళెదురుగా..."

"ఇంకోటి ఇవ్వవే, మాటలు కాదు! పొట్ట చూశావా దీనికి? మూడు సొట్టలు. ఇన్నేళ్ళలో ఒక్కసారి నేలకి తగలని బండి, ఈ ఒక్క వసంతంలో మూడు. ఇంకో దెబ్బ తగిలితే ఆయిల్ చాంబర్ పగిలి దారి మీదే ఆగిపోతాం. రేపు వెనక సీట్లో పక్కింటి స్తామెనా మనవరాళ్ళుంటారు."

"అందుకే చెబుతున్నా. రేపు నువ్వు పైకి వెళ్ళొద్దు."

"మందలు తెల్లారకుండానే పై మేతలకి బయల్దేరతాయి. ఆ పసిపిల్లలు అంత కొండ నడుస్తారా? ఊళ్ళో ఈ బండి కాక అక్కడికి ఎక్కే బండి ఇంకేదుంది?"

"పొద్దున కాఫీ ఎక్కడ పోశావు, వుకోలా?"

"కప్పులో."

"కప్పు పక్కన."

"చెయ్యి వణికింది."

"మొన్న గుమ్మంలో కోటు వేలాడుతుంటే 'బాగున్నావా బావా' అన్నావు."

"పరధ్యానం. అయినా దానికీ రేకుకీ ఏమిటే సంబంధం?"

"డాక్టరేమన్నాడు?"

"ఏ డాక్టరు?"

"గొర్రెల సంతకని పట్నం వెళ్ళి, గొర్రె లేకుండా తిరిగొచ్చావే, ఆ రోజు డాక్టరు."

"కుడి కన్ను అయిపోయిందన్నాడు. ఎడమదీ అదే దారిలో ఉందట. బండి ముట్టుకోవద్దన్నాడు."

"అయినా లోయ పక్కన పిల్లల్ని ఎక్కించుకుని తోలతానంటావు!"

"ఆ దారి నాకు కళ్ళతో తెలిసింది కాదే, ఒంటితో తెలుసు. అలాగే అనుకున్నా, ఈ సొట్టలు చూసేదాకా. నిజం చెప్పనా? భయంగా ఉంది, మిలూంకా. ఒక్క దెబ్బ కూడా ఎప్పుడు తగిలిందో గుర్తు లేదు. చప్పుడైనా వినలేదు. కళ్ళు పోతే పోయాయి, చెవులు కూడా పోయాయా? బుర్ర కూడా పోతోందా? నేను చూసుకోని రాయిని రేకైనా కాసుకుంటుందని..."

"నీ చెవులకేం కాలేదు."

"మూడుసార్లు తగిలితే!"

"బుర్రకీ ఏం కాలేదు. సీటు స్ప్రింగు కూడా పోలేదు."

"మరి ముందుకెందుకు జరుగుతోంది?"

"నా కాళ్ళు పొట్టివి."

"ఏమన్నావు?"

"మధ్యాహ్నం నువ్వు కునుకు తీసినప్పుడు తీసుకెళ్ళేదాన్ని."

"నా బండిని! అయితే ఆ మాడిన వాసన?"

"క్లచ్చిది. క్యాబేజీ అంటే నమ్మావు."

"అసలు నీకు లైసెన్సేది?"

"పెళ్ళికి ముందే తీసుకున్నా. పెట్టెలో పడుంది. ఈ ఇంట్లో తాళంచెవి నా చేతికి ఎవరిచ్చారు గనక?"

"ఆ సొట్టలు ఎక్కడ పెట్టావు?"

"గాడిదమెడ మలుపులో, ఆ రాయి మీద."

"మూడూనా? మూడూ ఒకే రాయికా!"

"నాలుగోసారి తగల్లేదుగా! పైదాకా ఎక్కా. మేతల దగ్గరి మన గుడిసె తాళం తీసి, పొయ్యి ఊడ్చి, తిరిగొచ్చేసరికి నువ్వింకా గురక పెడుతున్నావు."

"ఓసి నీ అసాధ్యం కూలా! నాకు చెప్పకుండా?"

"చెబితే ఇచ్చేవాడివా?"

"ఇవ్వను."

"మరి?"

"మతి పోతోందనుకుని రాత్రుళ్ళు నిద్ర లేదే నాకు."

"ఆ సంగతి నాకు తెలీదయ్యా. తెలిస్తే ఆ రోజే చెప్పేసేదాన్ని. తప్పయిపోయింది."

"ఆ రాయిని పక్కకి తప్పించబోయావు కదూ?"

"అవును."

"తప్పించకూడదు. ఎడమ చక్రాన్ని దాని మీదికే ఎక్కించాలి, మెల్లగా."

"రేపు పక్కన కూర్చుని చెబుతావా?"

"చెయ్యి అందుకో. పైకి లాగు నన్ను."

"ఎక్కడికి? బోల్టులింకా బిగించందే!"

"ఇదిగో పానా. దిగు. నడిపేవాళ్ళే బిగించాలి."